అర్బాబ్ అడిగిన జపాన్ కాసెట్

తొంభైలలో నేను గల్ఫ్‌లో, బహ్లా అనే ఊళ్లో పనిచేసేటప్పుడు, శుక్రవారం సెలవంటే మా రూమ్‌లో జపాన్ సినిమాలే. నల్ల యూనిఫారాల హైస్కూలు ముఠాలు తన్నుకుంటుంటే భాష రాకపోయినా అంతా అర్థమయ్యేది.

ఒకసారి మా అర్బాబ్, అంటే ఖర్జూర తోట యజమాని, వచ్చి కూర్చున్నాడు. తెర మీద ఇద్దరు ముఠా నాయకులు మూతులు పగిలేలా కొట్టుకుని, చివరికి ఒకే గిన్నెలో నూడుల్స్ తిన్నారు.

"శత్రువులు కాదా వీళ్లు?" అన్నాడు హిందీలో.

"కొట్టుకున్నరు, కోపం ఖలాస్. మాకు నచ్చేది అదే, అర్బాబ్," అన్నాను నేనూ హిందీలోనే.

ఆయన గడ్డం నిమురుకున్నాడు.

"కాలువ నీళ్ల వంతు దగ్గర పక్క తోట హమద్‌తో నాకు మాటలు పోయాయి. మేం కొట్టుకోనూ లేదు, కలిసి తిననూ లేదు."

లేచి చెయ్యి చాపాడు. "ఆ కాసెట్ ఇవ్వు."

"మీ ఇంట్లో వీసీఆర్ లేదు కదా?"

"హమద్ ఇంట్లో ఉంది."