చల్లారని పొయ్యి

మావయ్య పొయ్యినే కట్టుకున్నాడని మా అమ్మ వెక్కిరించేది. పెళ్ళి ఊసెత్తితే చాలు, "నేను సంసారంలో పడితే నిప్పెవరు చూస్తారక్కా?" అనేవాడు. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. మా ఊరికి సగం రోజు ప్రయాణంలో, ఒక ఇరుకు సందులో బేకరీ నడిపేవాడు. ఆ సందులో అడుగు పెడితే ముందు రొట్టెల వాసన వచ్చేది, ఆ తర్వాత వేడి తగిలేది, చివరికి మావయ్య కేకలు వినబడేవి.

గదిలో సగం ఆ పొయ్యే. లోపలికి వంగిన ఇటుకల కప్పు, మూరెడు మందం గోడలు. గోడల చుట్టూ ఇసుక పోసి, అడుగున గాజు పెంకులూ బూడిదా దట్టించి తన చేతులతోనే కట్టుకున్నాడు. కట్టాక సన్నని మంట మీద రోజుల తరబడి కాచాడు. గోడలోకి వేడి చీమలా ఎక్కుతుందని, తొందరపెడితే అలుగుతుందని చెప్పేవాడు.

సెలవుల్లో వెళ్ళినప్పుడు నన్ను పొయ్యి మూతి ముందు నిలబెట్టి పాఠం మొదలెట్టేవాడు.

"ఇదిగో అమ్మాయ్, రొట్టెకి వేడి మూడు దారుల్లో వస్తుంది. అడుగున ఇటుకని తాకుతోంది కదా, అందులోంచి పాకుతుంది. లోపల గాలి కాగి పైకి లేస్తుంది, చల్లబడి కిందికి దిగుతుంది, అలా తిరుగుతూ చుట్టూ కాలుస్తుంది. మరి పైన?"

"పైనా గాలే కదా?"

"కాదే మొద్దూ. ఇంత దూరంలో ఉన్నా నీ మొహం చుర్రుమంటోందా లేదా? నిన్నేం తాకింది? ఆ కప్పు ఇటుకలు కాగి అక్కణ్ణించే వేడి విసురుతున్నాయి. ఎండ మనల్ని అంత దూరం నుంచి కాల్చడం లేదూ? అంతే."

పొయ్యిలోంచి తీసిన కాలే రేకులు పట్టుకునే గుడ్డ పొడిగా ఉండాలని కూడా చెప్పాడు. నేను వింటేగా! తడిగుడ్డతో పట్టుకుని కెవ్వుమన్నాను. "పొడిగుడ్డలో గాలి ఇరుక్కుని వేడిని ఆపుతుంది. తడిలోంచయితే పరిగెత్తుకొస్తుంది" అంటూ నా వేళ్ళ మీద నీళ్ళు పోసి, మంట తగ్గేదాకా నవ్వుతూనే ఉన్నాడు. ఇప్పటికీ వంటింట్లో తడిగుడ్డ నా దరిదాపులకు రానివ్వను.

ఇంత తెలిసిన మనిషికి ఒక భయం ఉండేది. కుర్రతనంలో పని నేర్చుకున్న చోట యజమాని ఒకసారి పొయ్యిని చల్లారనిచ్చి, మర్నాడు హడావిడిగా పెద్ద మంట పెట్టించాడట. ఒంటి ఇటుక గోడ అది. లోపలి వైపు కాగి సాగింది, బయటి వైపు చల్లగా బిగుసుకునే ఉంది, గోడ నిలువునా పగిలింది. ఆ యజమాని మళ్ళీ కోలుకోలేదు. అందుకే తన పొయ్యిలో నిప్పు ఆరిపోకూడదని మావయ్య పట్టు. ఊరు దాటడు. పిండి కలిపేవాణ్ణి నిప్పు దగ్గరికి రానివ్వడు.

మా ఇంటికి తను రాలేడు గనక రొట్టె వచ్చేది. పొడి తువ్వాళ్ళు రెండింటిలో చుట్టి బస్సు కండక్టరుకిచ్చి పంపేవాడు. ఎంత చుట్టినా అంత దూరం వేడి ఆగుతుందా? "వీడి చేతి రొట్టె నాకెప్పుడూ చల్లగానే దొరుకుతుంది" అని అమ్మ సణిగేది. సణుగుతూనే ముక్క మిగల్చకుండా తినేది.

అమ్మ మంచాన పడింది. డాక్టరు పెదవి విరిచాడు. ఆ సాయంత్రమే తమ్ముడికి ఫోను చెయ్యమంది.

"ఒరేయ్, ఒక్క పూట వచ్చి పోరా. కళ్ళారా చూసుకుంటాను."

"వస్తానక్కా. నిప్పు చూసే మనిషి దొరకనీ..."

"పిండి కలిపేవాడున్నాడుగా?"

"వాడి చేతికి నిప్పా! కొంప ముంచుతాడు. పొయ్యి పగిలితే నా బతుకు బుగ్గేనక్కా."

అమ్మ నవ్వబోయి దగ్గింది. "సరేలే. నువ్వు చల్లగా ఉండు, నీ పొయ్యి వేడిగా ఉండనీ."

నేను ఫోను లాక్కున్నాను. "ఇటుకల మీదున్న ప్రేమ తోడబుట్టిన దాని మీద లేదా మావయ్యా?"

"నీకు తెలీదే. చల్లారితే పగులుతుంది. నా కళ్ళతో చూశాను."

ఫోను పెట్టేశాను. ఆ తర్వాత అతనితో మాట్లాడలేదు. అమ్మ మాత్రం ప్రతి బస్సు హారనుకీ గుమ్మం వైపు చూసేది. చూస్తూ చూస్తూనే పోయింది.

కబురు అందగానే మావయ్య పొయ్యిలో నిప్పంతా లాగేసి, మూతికి రేకు తలుపు అడ్డం పెట్టి, దొరికిన బస్సెక్కి వచ్చాడు. అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని లేవలేదు. నాకు కోపం పోలేదు గాని, దహనం అయ్యాక మర్నాడు ఆ మనిషిని ఒంటరిగా బస్సెక్కించడానికి మనసొప్పక వెంట వెళ్ళాను. దారి పొడుగునా ఒకటే మాట: "పొయ్యి ఈపాటికి చచ్చి ఉంటుంది. చావనీ."

సాయంత్రానికి చేరాం. మావయ్య రేకు తలుపు పక్కకు జరిపాడు. వేడి మా ఇద్దరి మొహాలకూ కొట్టింది.

అతను నమ్మలేదు. అడుగు ఇటుకల మీద చిటికెడు పిండి చల్లాడు. అది మెల్లగా ఎర్రబడింది. బయటి గోడంతా తడిమాడు, ఎక్కడా బీట లేదు. పిండి కలిపేవాడు ఊరికే ఉండలేక కలిపి ఉంచిన ముద్ద ఒకటుంటే, తెడ్డు మీద పెట్టి లోపలికి తోశాడు. కింద ఒక్క నిప్పు కణిక లేదు. ఎప్పటికన్నా చాలాసేపు పట్టింది, రంగు తక్కువగా వచ్చింది, కానీ రొట్టె లోపలిదాకా కాలింది.

అలవాటు కొద్దీ దాన్ని తువ్వాల్లో చుట్టాడు. రెండో తువ్వాలు కూడా చుట్టి ముడి వేశాడు. మూట తీసుకుని బస్సుల వైపు నాలుగడుగులు వేసి, ఆగిపోయాడు.

"ఈ గోడ నేనే కట్టానే" అన్నాడు. "ఇసుక నేనే పోశాను. వేడి ఎక్కడానికి ఎన్నాళ్ళు పట్టిందో నాకు తెలుసు. దిగడానికీ అంత నిదానమేనని ఒక్కసారైనా తోచలేదు. ఆ పాత గోడే నా కళ్ళ ముందుండేది. మీ అమ్మ అడిగింది ఒక్క పూటే కదే."

కోప్పడదామన్నా నాకు ఓపిక లేదు. మూట తీసుకుని విప్పాను. రొట్టె పొగలు కక్కుతోంది. అమ్మకు ఎన్నడూ అంత వేడిగా దొరకలేదు. చెరో ముక్క తుంచుకున్నాం గాని, ఇద్దరం నోట్లో పెట్టుకోలేకపోయాం.