మాస్టారు ఆపి ఉంచిన జిలేబీ

మా ఎకనామిక్స్ మాస్టారు పోయారు. మొన్న ఆదివారం పొద్దున తెనాలిలో మా వీధిలో కూరలు బేరమాడుతుంటే వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నగారు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారక్కా" అంది. చేతిలోని వంకాయలు తిరిగి బండి మీద పెట్టేసి బాపట్ల బస్సెక్కాను. దారంతా ఏడుపు రాలేదు. పక్క సీట్లో ఎవరున్నా సరే, ఆయన గురించి చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

ఆయన సొంతూరు రేపల్లె, ఉద్యోగం బాపట్ల కాలేజీలో. రిటైరయ్యాక కూడా ఆర్థికశాస్త్రంలో ఎక్కడ ఏ మంచి పరిశోధన వచ్చినా సంపాదించి, ప్రింటు తీయించి, చంకలో పెట్టుకుని తిరిగేవారు. రేపల్లె రైల్లో పక్కన ఎవరు కూర్చుంటే వాళ్లకు అది విడమరిచి చెప్పాల్సిందే. ఒకసారి చేపల గంపతో ఉన్న ఒకావిడ అంతా విని, "అయితే ఏంటండి, ఇంత చదివీ మాకు తెలిసిందే రాశాడా ఆయన?" అంది. మాస్టారు తొడ చరుచుకుని నవ్వారు. "తెలిసింది నిజమో కాదో తేల్చడానికేనమ్మా ఇంత చదువూ!"

పరిశోధన నచ్చిందంటే తెనాలిలో దిగి బెల్లం జిలేబీ కొనేవారు. రాసినవాళ్ల మొహం కూడా ఆయన చూసి ఉండరు. అయినా వాళ్ల తరఫున మాకు పంచేవారు. "ఎవరి పెళ్లి సార్?" అని మేం ఏడిపిస్తే, "ఒక మంచి ఆలోచన పుట్టిందర్రా, తినండి" అనేవారు.

మరి నా పరిశోధనకు? వేటపాలెం జీడిపప్పు షెడ్లలో పనిచేసే ఆడవాళ్లు మధ్యమధ్యలో కొన్ని రోజులు పనికి ఎందుకు రారన్నది నా విషయం. ఒక పెద్ద పరిశోధన పత్రిక వేసుకుంటామంది. గొప్పగా తీసుకెళ్లి మాస్టారి చేతిలో పెట్టాను. చదివి పిలిచారు. "బాగుంది అమ్మాయ్. జిలేబీ మాత్రం ఇప్పుడే కాదు. నువ్వు ఎవరి గురించి రాశావో వాళ్లు వినాలి." నాకు ఒళ్లు మండింది. ఊరూపేరూ తెలియనివాళ్లకు కొన్న మనిషి, నా దగ్గరికొచ్చేసరికి బిగుసుకున్నారు!

ఆయన వెంట వేటపాలెం వెళ్లేసరికి, పని దిగిన ఆడవాళ్లు షెడ్డు బయట కూర్చున్నారు. మాస్టారు తెలుగులో చదివి వినిపించారు. పని మీద ఆసక్తి తగ్గి మానేస్తున్నారని నేను తేల్చిన చోటికి రాగానే ఒక పెద్దావిడ లేచింది.

"ఆసక్తి ఏంటమ్మా?" అంటూ రెండు అరచేతులూ నా ముందు చాపింది. గింజ పెంకులోంచి కారే జీడి నూనెకు కాలి నల్లబడి, తోలు లేచిపోయి ఉన్నాయి. "ఈ పుండ్లు మానేదాకా గింజ పట్టుకోలేం. ఆ రోజులేనమ్మా నువ్వు రాసుకుంది. మమ్మల్ని అడగలేదుగా?"

అడగలేదు. హాజరు పుస్తకాలు చూశాను, చేతులు చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

తిరుగు రైల్లో మాస్టారు తిట్టలేదు. "వెనక్కి తీసుకో అమ్మాయ్" అన్నారు అంతే. అది అచ్చయితేనే నాకు ఒక కాలేజీలో ఉద్యోగం. ఆ మాటే అన్నాను. "తప్పు మీద వచ్చిన ఉద్యోగంలో నీకు నిద్ర పడుతుందా?" అన్నారు. వెనక్కి తీసుకున్నాను. ఆ ఉద్యోగం పోయింది. ఆడవాళ్ల ఇళ్లకు వెళ్లి, అడిగి, మొత్తం మళ్లీ రాశాను. పోయిన వేసవిలో వేరే పత్రికలో వచ్చింది.

ఈసారి మాస్టారు వేటపాలేనికి రెండు పెద్ద పొట్లాలతో దిగారు. "మా అమ్మాయి రాసింది" అని కనపడ్డవాళ్లందరికీ చెప్పారు. నాకు నేలమీద కాళ్లు ఆనలేదు. పెద్దావిడ జిలేబీ తింటూ, "నా మాట ఎక్కడుందమ్మా ఇందులో?" అంది. ఇంగ్లీషు వరుసలు చూపించాను. పాకం అంటిన అరచెయ్యి వాటి మీద ఆనించి కాసేపు అలాగే ఉంచింది. "ఇకనుంచి మా అమ్మాయికి మీరూ మాస్టారేనమ్మా" అన్నారు ఆయన.

బాపట్ల సమాధుల తోటలో పాస్టరుగారి ప్రార్థన అయింది. పెట్టె దించబోతుంటే వెనకనుంచి, "ఒక్క నిమిషం ఉండండయ్యా" అని వినిపించింది. వేటపాలెం నుంచి ఆ పెద్దావిడ వచ్చింది. జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చి, నల్లబడ్డ ఆ అరచెయ్యి పెట్టె మీద ఆనించింది. ఆరోజు నా కాగితం మీద ఉంచినట్టే, కాసేపు అలాగే ఉంచింది.