పర్చూరు-1 పుట్టిల్లు

నాలుగేళ్లు దాటింది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. పెళ్లికి ముందే మా ఆయనకు నా గురక సంగతి, జుట్టుకు రంగు వేసే సంగతి చెప్పేశాను. ఇది మాత్రం నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నేనొక అబద్ధం రాశాను. అది అచ్చయింది. దానికి నాకు డాక్టరేటు కూడా ఇచ్చారు.

అప్పుడు గుంటూరులో పరిశోధన చేస్తున్నాను. బాక్టీరియాను తినే వైరస్‌లను వెతకడం నా పని. ఫేజ్‌లు అంటారు వాటిని. వైరస్ అనగానే జడుసుకోకండి, ఇవి మన జోలికి రావు. బాక్టీరియాలోకి దూరి, అక్కడే పిల్లల్ని పెట్టి, దాన్ని పగలగొట్టుకుని బయటికొస్తాయి. మిరపకు ఆకుమచ్చ తెగులు తెచ్చే బాక్టీరియాను చంపే ఫేజ్ దొరికితే ఎప్పటికైనా మందుల బదులు దాన్నే చల్లవచ్చని మా గైడు గారి ఆశ. తెగులు ఉన్న చోటే దాని శత్రువూ ఉంటుందని, తెగులు పట్టిన చేలోంచి మట్టి, ఆకులు తెమ్మన్నారు.

అలా పర్చూరు దగ్గర మస్తాన్ గారి మిరప చేనుకు వెళ్లాను. అరవై దాటిన మనిషి. మచ్చలున్న ఆకులు ఆయనే ఏరి, ఇంత మట్టి, కాసిని నీళ్లు కలిపి సీసాలో పోసి మూత బిగించి ఇచ్చారు. నేను వెతికే ఆ పురుగుకు మిరప ఘాటు తగలదా అని అడిగారు.

తిరుగు బస్సులో సీసా పక్కన పెట్టుకుని నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి పక్క సీటు పెద్దావిడ బజ్జీలు తినడం ముగించి, కిటికీలోంచి చేతులు బయటపెట్టి నా సీసాలోని నీళ్లతో కడుక్కుంటోంది. నీళ్లలో చెత్త పడింది, తాగొద్దని నాకే జాగ్రత్త చెప్పి ఖాళీ సీసా చేతికిచ్చింది.

మళ్లీ వెళ్లొచ్చు. రెండు గంటల దారి. ఎందుకు వెళ్లలేదు? గైడు గారంటే భయమని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. భయం కాదు, బద్ధకం. మా హాస్టల్ వంటింటి వెనక మురుగు కాలువ ఉంది. మిరపకాయలు కడిగిన నీళ్లు, తొడిమలు రోజూ అందులోకే పోతాయి. సీసాను అందులో ముంచాను. పైన చీటీ అంటించి ‘పర్చూరు, మస్తాన్ గారి చేను’ అని రాశాను. ఎలాగూ ఏమీ దొరకదు, దొరకనప్పుడు అబద్ధమాడినా ఆడనట్టే కదా అనుకున్నాను.

దొరికింది. ప్లేటులో మీగడలా పరుచుకున్న బాక్టీరియా మధ్య శుభ్రంగా తుడిచేసినట్టు చిన్న చిన్న చుక్కలు. చుక్క చుక్కలోనూ నా ఫేజ్‌లు భోంచేసిన ఆనవాలు. గైడు గారు ప్లేటును వెలుతురుకు పెట్టి చూసి నా భుజం తట్టారు. ఆయన ఎవరి భుజమూ తట్టగా నేను చూడలేదు. అప్పుడైనా చెప్పాల్సింది. ఈలోపే ఆయన ఆ ఫేజ్‌కు పర్చూరు-1 అని పేరు పెట్టేశారు.

సీసా అడుగున మస్తాన్ గారి చేను నీళ్లు నాలుగు చుక్కలు మిగిలి ఉంటాయేమో, ఫేజ్ వాటిలోదే కావచ్చు కదా, అప్పుడు నేను రాసింది నిజమే అవుతుంది కదా అని కొన్నాళ్లు ఆశపడ్డాను. ఎవరూ లేనప్పుడు కాలువ నీళ్లు కొత్త సీసాలో తెచ్చి పరీక్షించాను. అదే ఫేజ్. చేను మట్టి తెప్పించి చూశాను. ప్లేటులో ఒక్క చుక్క లేదు.

ఫేజ్ దొరికిన కబురు అందగానే మస్తాన్ గారు మాత్రం తన చేలో వైరస్ దొరికిందని ఊరంతా చెప్పుకున్నారు. కరోనా భయం ఇంకా తీరని రోజులు. కాయ కోతకు కూలీలు రామన్నారు. ఇది మంచి వైరస్ అని ఆయన ఇంటింటికీ తిరిగి నచ్చజెప్పుకున్నారు.

మరుసటి ఏడు తెగులు మళ్లీ వచ్చింది. చుట్టుపక్కల అందరూ మందు కొట్టారు. నేను వెళ్లేసరికి మస్తాన్ గారి చేను సగం ఆకు రాల్చేసి నిలబడి ఉంది.

“మన వైరస్‌కి ఈ ఏడు ఒంట్లో బాగున్నట్టు లేదమ్మా,” అన్నారు.

“మందు కొట్టలేదా మస్తాన్ గారూ?”

“ఎట్టా కొడతానమ్మా? మందు పడితే అది చచ్చిపోద్దేమోనని ఆగా. నీ చదువుకి పనికొచ్చేది గదా.” కాసేపు చేను వైపు చూశారు. “ఇక్కడ పుట్టిందే గదమ్మా అది?”

“అవునండీ,” అన్నాను.

ఆ ఒక్క మాట. చీటీ మీద రాసినప్పుడు మస్తాన్ గారు ఎదురుగా లేరు, ఒక పేరు మాత్రమే. ఈసారి మనిషి ఎదురుగా ఉన్నాడు, రాలిన ఆకుల్లో నిలబడి ఉన్నాడు, అయినా అన్నాను. ఎలా అనగలిగాను? ఫేజ్ ఉన్నా మందు కొట్టాల్సిందేనని మాత్రం చెప్పి వచ్చేశాను.

ఇప్పుడు కొడుతున్నారు. కానీ దానికోసమని ఒక్క సాలు మొక్కలకు మందు కొట్టకుండా వదిలేస్తున్నారు. ఏటా ఆ సాలు మాడిపోతోంది. ఏటా నాకు ఫోన్ చేసి, దాని సాలు దానికి వదిలానమ్మా అని చెబుతారు. సంతోషమండీ అంటాను.

మస్తాన్ గారి చేలో ఏ ఫేజూ లేదు. అది మా హాస్టల్ మురుగు కాలువలోది. ఆయనకు ఎప్పటికైనా చెబుతానో లేదో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ హక్కు మీకు లేదు కూడా. రాసిందంతా రెండుసార్లు చదువుకున్నాను. ఒక్క ముక్క కల్పించలేదు. ఇలా రాయడం నాకు కొత్త. ప్రాణం కాస్త తేలికపడింది.