పలకని టెర్మినల్

విజయవాడలో ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాసేదాన్ని. చేపల చెరువుల్లో ఆక్సిజన్ కొలిచే పెట్టెలు మావి. వాటిని టెర్మినళ్లు అనేవాళ్లం. అయిదు నిమిషాలకోసారి మా కంప్యూటరు సిమ్‌కార్డు ద్వారా టెర్మినల్‌ని అడుగుతుంది, అది ఒక అంకె చెబుతుంది, ఆ అంకె రైతు ఫోన్‌లో కనబడుతుంది. ఎవరు ముందు మాట్లాడాలి, ఎంతసేపు ఆగాలి, జవాబు రాకపోతే ఎన్నిసార్లు మళ్లీ అడగాలి అన్న ఒప్పందమే ప్రోటోకాల్. మాది మూడుసార్లు.

మూడోసారీ పలకకపోతే? ‘టెర్మినల్ పలకడం లేదు’ అని ఎర్ర అక్షరాల్లో కనబడేట్టు రాశాను. మా మేనేజరుగారు చూసి మొహం చిట్లించారు.

“ఇదేంటమ్మా, పెట్టె పాడైందనుకుంటారు. పాత అంకే ఉంచెయ్.”

తప్పని నాకు తెలుసు. కానీ వాదిస్తే ఆ సాయంత్రం ఆలస్యమవుతుంది. నాలుగు లైన్లు చెరిపేసి ఇంటికెళ్లిపోయాను.

గుడివాడ అవతల ఒక రిటైరైన టీచరుగారు మా పెట్టె కొన్నారు. ఆవిడ చెరువు తమ్ముడు చూసుకునేవాడు. అంతకుముందు ఆయన తెల్లారకముందే గట్టు మీద తిరిగి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయేమో చూసి, నీళ్లు చిలికే ఏరేటర్లు వేసేవాడు. “ఇక ఫోన్ చూసుకుంటే చాలండీ” అని ఆయనకు నేర్పింది నేనే.

శ్రావణంలో మూడు రోజులు ముసురు పట్టింది. ఎండ లేకపోతే చెరువు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. నాలుగో రోజు పొద్దున్నే టీచరుగారు ఫోన్ చేశారు. “చేపలన్నీ తేలిపోయినయ్యమ్మా!” వెంటనే రికార్డు తెరిచి చూశాను. ముందురోజు సాయంత్రం నుంచి టెర్మినల్ ఒక్కసారీ పలకలేదు. రాత్రంతా ఆయన ఫోన్ పాత అంకె అయిదునే, అంటే ఆక్సిజన్ సరిపడా ఉందనే, చూపిస్తూ ఉంది.

నేను వెళ్లేసరికి బొచ్చెలు, శీలావతులు తెల్లటి పొట్టలతో గట్టు పొడుగునా ఉన్నాయి. సిగ్నల్ అప్పటికే తిరిగొచ్చింది, ఫోన్‌లో అసలు అంకె పడింది. రాత్రి కనబడిందేమిటో చూపించడానికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు.

“రాత్రి ఎన్నిసార్లు చూసినా అయిదే ఉందక్కా. ఒట్టు,” అన్నాడాయన.

టీచరుగారు నావైపు తిరిగారు. “అట్టా అవుతుందామ్మా?”

“సిగ్నల్ లేకపోతే ఫోన్‌లో తెలుస్తుంది టీచరుగారూ. ఆయన గమనించి ఉండరు.”

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! ఆయన నాతో వాదించలేదు. చదువుకున్నదాన్ని కదా, తనకే ఏదో అర్థం కాలేదనుకున్నాడేమో. ఫోన్ జేబులో పెట్టుకుని చెరువులోకి దిగి చచ్చిన చేపలు తీయడం మొదలుపెట్టాడు. టీచరుగారు నాకు మజ్జిగ ఇచ్చారు. తాగాను.

ఆ వారమే ఎర్ర అక్షరాలు మళ్లీ పెట్టాను. ఎవరినీ అడగలేదు, ఎవరూ నన్ను అడగలేదు. అంత తేలికైన పని మొదటే ఎందుకు చేయలేదో ఇప్పటికీ నాకు నేను చెప్పుకోలేను.

నిజం చెప్పడానికి రెండేళ్లు పట్టింది. ఒక ఆదివారం టీచరుగారు చర్చి నుంచి వచ్చే వేళకు వెళ్లి, వరండాలో కూర్చుని అంతా చెప్పాను. ఆవిడ చేతిలోని బైబిలు పక్కన పెట్టారు.

“చేపలు పోతే పోయినయ్. ఆ రోజే చెప్పుంటే వాణ్ణి నిద్రమొహమని నలుగుర్లో అనేదాన్ని కాదమ్మా. అప్పుడెళ్లినోడు మళ్లీ మా గడప తొక్కలేదు.”

తమ్ముడి నంబరు అడిగితే కాగితం మీద రాసిచ్చారు. బస్టాండులో నిలబడి ఆయనకు ఫోన్ చేశాను. మొత్తం విన్నాడు.

“నేను అబద్ధమాడలేదని నాకు తెలుసండీ,” అన్నాడు. “మా అక్కకు చెప్పారా?”

“చెప్పానండీ.”

“సరే,” అని పెట్టేశాడు.

ఆ తర్వాత ఆయన అక్క ఇంటికి వెళ్లాడో లేదో నాకు తెలియదు. అడిగే మొహం లేదు.