మొహం పడిన రోజు

సెట్లో అందరూ ఆమెను చాటక్క అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, పనికి పిలిచే ఏజెంటుకే అది గుర్తులేదు. గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టులకు పేర్లతో పనేముంది? "ఆ పచ్చ జాకెట్టూ, ఇటు రా." "గొడుగు పట్టుకున్న పెద్దావిడా, కాస్త వెనక్కి." బట్టలతోనూ చేతిలోని వస్తువులతోనూ రోజు గడిచిపోతుంది. చాటక్క అనే పేరు మాత్రం ఆమె కష్టపడి సంపాదించుకున్నది. కెమెరా ఎటు తిరిగినా ఎవరిదో ఒకరి భుజం చాటునో, బుట్ట చాటునో మొహం దాచేయడం ఆమెకు వచ్చినంత బాగా ఇంకెవరికీ రాదు.

నటించాలని వచ్చిన మనిషి దాక్కోవడమేమిటని అడగొచ్చు. అసలు తిరకాసు అక్కడే ఉంది. గుంపులో ఒకరి మొహం తెరమీద స్పష్టంగా కనిపిస్తే, సెట్లో దాన్ని "మొహం పడింది" అంటారు. ఇవాళ బస్టాండులో మొహం పడిన ఆవిడే రేపు కోర్టు వరండాలోనూ, ఎల్లుండి ఆసుపత్రిలోనూ కనిపిస్తే చూసేవాళ్ళు నవ్వుతారు కదా. అందుకని మొహం పడినవాళ్ళని ఆ సినిమా పూర్తయ్యేదాకా ఇంట్లో కూర్చోమంటారు. పడనివాళ్ళకి రోజూ పని. కనిపించాలన్న కోరికతో ఇల్లు దాటి వచ్చినవాళ్ళకి కనిపించకపోతేనే కూడు దొరుకుతుంది. ఇంత అన్యాయమైన ఏర్పాటుని ఎవరూ కూర్చుని ఆలోచించి చేసి ఉండరు. ఎవరూ అడ్డు చెప్పలేదు కాబట్టి అలా స్థిరపడిపోయింది.

పెళ్ళికి ముందు చాటక్క వీధినాటకాలు వేసేది. బట్టల మిల్లు గేటు ముందు, బస్సు డిపోల దగ్గర, మైకు లేకుండా నాలుగు వీధులకు వినిపించేలా మాట్లాడేది. ఆ గొంతు పట్టుకునే సినిమాల్లోకి వచ్చింది. వచ్చాక ఆ గొంతుతో ఎవరికీ అవసరం పడలేదు. "గుసగుసలాడుతున్నట్టు పెదాలు కదపండి, శబ్దం రాకూడదు" అన్నారు. కదిపింది. ఏళ్ళ తరబడి కదుపుతూనే ఉంది.

ఇంట్లో అత్తగారికి ఇదంతా పెద్ద వేళాకోళం. కోడలు చేసిన ప్రతి సినిమాకీ మనవరాల్ని వెంటేసుకుని వెళ్తుంది. చీకట్లో చాటక్క తెరవైపు వేలు చూపిస్తుంది.

"అదిగో అత్తయ్యా, ఆ లావుపాటాయన వెనక."

"ఏదీ?"

"ఆ మోచెయ్యి. అది నాదే."

"ఇన్నేళ్ళు సినిమాల్లో చేసి మోచేతికి మంచి పేరు తెచ్చావే తల్లీ," అంటుంది అత్తగారు. ముందు వరసలోవాళ్ళు వెనక్కి తిరిగి ఉష్ అంటారు. కూతురు మాత్రం, "మా అమ్మ మోచెయ్యి!" అని గర్వంగా చప్పట్లు కొడుతుంది. ఆ చప్పట్లు వింటూ చాటక్క తన మోచెయ్యి కొంగు కింద దాచుకుంటుంది.

ఏజెంటు సంగతి చెప్పాలి. మనిషి లావు, మాట కటువు, మెడలో ఎప్పుడూ ఒక తువ్వాలు. పొద్దున్నే వ్యానులో ఆడవాళ్ళని ఎక్కించుకుని షూటింగుకి తెచ్చేదీ, సాయంత్రం తన కమీషన్ పట్టుకుని మిగిలింది చేతిలో పెట్టేదీ అతనే. షాటు నడుస్తున్నప్పుడు కేకలు వేయకూడదు కాబట్టి తువ్వాలుతో సైగలు చేసేవాడు. పైకెత్తితే నడవాలి. దులిపితే ఆగాలి. దానితో మెడ తుడుచుకుంటే, కెమెరా నీ మీదికొస్తోంది, మొహం తిప్పుకో అని. చాటక్క కెమెరాని చూడటం ఎప్పుడో మానేసింది. తువ్వాలుని చూసేది.

ఆ మధ్య ఈ గుంపులోకి ఒక పిల్ల వచ్చి చేరింది. ఎప్పుడూ అద్దం చూసుకుంటుందని తోటి ఆడవాళ్ళు ఆమెను హీరోయిన్ అని ఏడిపించేవాళ్ళు. వ్యానులో చాటక్క పక్కనే కూర్చుని ప్రశ్నలతో ప్రాణం తోడేసేది.

"ఎలా పైకి రావాలో చెప్పక్కా."

"ముందు చెప్పులు మార్చు. మడమల చెప్పులతో పొద్దుగూకేదాకా నిలబడలేవు. వండింది ఏదైనా డబ్బాలో తెచ్చుకో, మన భోజనం ఆఖరున వస్తుంది. నీళ్ళు తక్కువ తాగు."

"ఎండలో నీళ్ళు తక్కువ తాగడమేంటి?"

"తాగితే ఎక్కడికెళ్తావ్? బాత్రూము వ్యాను ఆర్టిస్టులకి. మనం ఆర్టిస్టులం కాదుగా, జూనియర్లం." చాటక్క గొంతు తగ్గించింది. "ఇంకో మాట. వేషం ఇస్తా, ఒక్కదానివే గదికి రా, కథ చెప్తా అన్నవాడి దగ్గరికి పోకు. కథ చెప్పడానికి తలుపు వేసుకోనక్కర్లేదు."

పిల్ల బుద్ధిగా తలూపింది. "మరి మొహం ఎప్పుడు చూపించాలి?"

"చూపించకు. నేను నేర్పిస్తాగా, భుజం చాటుకి ఎలా పోవాలో."

"దాక్కోవడానికా అక్కా నేనొచ్చింది?" అంది పిల్ల. వ్యానులో అందరూ నవ్వారు. చాటక్క నవ్వలేకపోయింది.

ఆ రోజు షూటింగు మూతబడిన మిల్లు దగ్గర. సినిమా కార్మికుల కష్టాల మీద. మిల్లులో ప్రమాదం జరుగుతుంది, ఆడవాళ్ళంతా గేటు దగ్గరికి పరిగెత్తుకొస్తారు. న్యాయం కోసం గొంతెత్తే ఆ ఆడవాళ్ళకి నిలబడడానికి నీడ లేదు, గొంతు తడుపుకుందామంటే పైన చెప్పిన భయం. డైరెక్టరు మాత్రం గొడుగు కింద కూర్చుని, "మీ కళ్ళల్లో శ్రమదోపిడీ కనిపించాలమ్మా," అన్నాడు. కనిపించకేం, కావలసినంత ఉంది.

ఆ సన్నివేశంలో ఒక మాట ఉంది. మిల్లు మేనేజరు ఒకావిడకి, ప్రమాదంలో చిక్కుకున్న ఆమె మొగుడి చెప్పుల జత అందిస్తాడు. ఆమె వాటిని చూసి, అతని మొహంలోకి చూసి అనాలి: "ఈ చెప్పులు నాకెందుకు? మనిషిని చూపించండి." వేషం వేయాల్సిన నటి రాలేదు. జ్వరమట. అసిస్టెంటు డైరెక్టరు, బక్కపల్చని అమ్మాయి, గుంపు దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"డైలాగు ఎవరు చెప్పగలరు? గట్టిగా చెప్పాలి."

"చాటక్క!" అని అరిచింది హీరోయిన్ పిల్ల, తన చేయి ఎత్తబోయి దించేసుకుంటూ. మిగతావాళ్ళు చాటక్కని వెనకనుంచి ముందుకు తోశారు. ఒకసారి చెప్పి వినిపించమంటే చెప్పింది. కాఫీ కలుపుతున్న కుర్రాళ్ళు కూడా తలెత్తి చూశారు.

"ఈవిడే!" అన్నాడు డైరెక్టరు.

ఆ ఒక్క మాట విలువ బయటివాళ్ళకి తెలియదు. కెమెరా ముందు మాట ఉన్న వేషం వేస్తేనే ఆర్టిస్టుల సంఘం కార్డు ఇస్తుంది. కార్డుంటే ఏజెంటు అక్కర్లేదు, నేరుగా పిలుస్తారు. కూర్చోడానికి కుర్చీ ఉంటుంది. బాత్రూము తాళం అడగొచ్చు. అయితే మాట చెప్పాక మొహం పడినట్టే, ఇక ఈ సినిమాలో గుంపు పని ఉండదు. మాట సరిగ్గా రాక మధ్యలో తీసేశారంటే రెంటికీ చెడినట్టు. చాటక్క చెప్పులు తీసుకుని గేటు ముందు నిలబడింది.

మొదటి టేకు. చెప్పులు చూసింది, తలెత్తింది, "ఈ చెప్పులు నాకెందుకు," అంది. అంతే, మెడ టక్కున పక్కకి తిరిగిపోయింది. మిగతా మాట గేటు ఊచలకి చెప్పింది.

"కట్! అమ్మా, ఆయన్ని చూడాలి, గేటుని కాదు."

"సారీ సార్."

రెండోసారీ అంతే. ఆ తర్వాతదీ అంతే. మాట బాగానే వస్తోంది, మెడే మాట వినడం లేదు. ఎవరో పగ్గం పట్టి లాగినట్టు సరిగ్గా సగం మాట దగ్గర తిరిగిపోతోంది. మేనేజరు వేషం వేస్తున్న పెద్ద నటుడు వాచీ చూసుకున్నాడు. డైరెక్టరు కుర్చీలోంచి లేచాడు.

"ఈమెతో అయ్యేలా లేదు. ఇంకెవర్నైనా చూడండి."

చాటక్క చెప్పులు కింద పెట్టబోయింది. గుంపులోకి తిరిగి వెళ్ళిపోదామనిపించింది. ఎవరిదైనా భుజం, ఏదైనా బుట్ట. అప్పుడు హీరోయిన్ పిల్ల మంచినీళ్ళు ఇచ్చే నెపంతో వచ్చి చెవిలో ఊదింది.

"అక్కా, ఏజెంటుని చూడు. కెమెరా పక్కనే ఉన్నాడు. నువ్వు మాట మొదలెట్టగానే తువ్వాలుతో మెడ తుడుస్తున్నాడు. ప్రతిసారీ!"

చాటక్క చూసింది. నిజమే. మేనేజరు భుజం మీదుగా సరిగ్గా ఎదురుగా అతనే, చేతిలో తువ్వాలు.

"కావాలనే చేస్తున్నాడు," అంది పిల్ల. "కార్డు వస్తే నువ్వు చేజారిపోతావుగా."

అయ్యుండొచ్చు. కాకపోనూవచ్చు. ఏదైనా సరే, అతన్ని అక్కణ్ణుంచి లేపాలి. లేపాలంటే అందరి ముందూ నోరు తెరవాలి. రేపు పొద్దున్న వ్యాను ఎవరి ఇంటి ముందు ఆగాలో, ఎవరి ఇంటి ముందు ఆగకూడదో చెప్పేది అతనే. ఎదురు మాట్లాడిన ఒకావిడ ఇంటి ముందు ఆ వ్యాను మళ్ళీ ఎన్నడూ ఆగలేదు. ఈ మాట ఇక్కడ అందరికీ తెలుసు, అందుకే ఎవరూ మాట్లాడరు. పెదాలు కదుపుతారు, శబ్దం రానివ్వరు.

డైరెక్టరు గుంపులో ఇంకో మొహం కోసం వెతుకుతున్నాడు.

"సార్!" అంది చాటక్క. డిపోల ముందు పలికిన పాత గొంతు. "ఇంకొక్కసారి ఇవ్వండి. ఈసారి తిరగను. అన్నా, నువ్వు అక్కణ్ణుంచి లెగు."

సెట్టంతా అటు తిరిగింది. ఏజెంటు తన వెనకెవరైనా ఉన్నారేమోనని చూసుకున్నాడు.

"నన్నా?"

"నిన్నే అన్నా. నువ్వు తువ్వాలుతో మెడ తుడుచుకుంటుంటే నా మెడ తిరిగిపోతోంది. ఇన్నేళ్ళు నేర్పింది నువ్వేగా."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందు గుంపులో ఆడవాళ్ళకి అర్థమైంది. ఒకావిడ కిసుక్కుమంది, ఇంకొకావిడ పగలబడి నవ్వింది, ఆ తర్వాత గేటు దగ్గర నవ్వు ఆపతరం కాలేదు. ఏజెంటు తన చేతిలోని తువ్వాలుని ఎవరో పెట్టి వెళ్ళినట్టు చూశాడు. మొహం ఎర్రబడింది.

"నీయమ్మ ఎండ," అన్నాడతను చివరికి. "చెమట తుడుచుకుంటున్నానే! నువ్వెక్కడ పాడుచేస్తావో అని ఒకటే చెమట. ముందే చెప్పొద్దూ?" తువ్వాలు ఉండచుట్టి జేబులో కుక్కబోయాడు. పట్టలేదు. దాన్ని పట్టుకుని భోజనాల టేబుల్ వెనక్కి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు.

కావాలని చేసింది కాదు. అతను మంచివాడన్నంత మాత్రాన కమీషన్ తగ్గదు, వ్యాను భయం పోదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా ఇన్నేళ్ళు పొద్దున్నే మొహం చూసిన మనిషి తన మీద పగబట్టలేదని తెలియడం చిన్న విషయం కాదు.

"యాక్షన్!"

చెప్పులు చూసింది. తలెత్తింది. ఎదురుగా మేనేజరు మొహం, అతని వెనక ఖాళీ. "ఈ చెప్పులు నాకెందుకు? మనిషిని చూపించండి." మెడ కదల్లేదు. మాట అయిపోయినా ఆమె అతన్నే చూస్తూ ఉండిపోయింది. పెద్ద నటుడు తన మాట మర్చిపోయి ఒక్క క్షణం నేలచూపులు చూశాడు.

"కట్. ఓకే. ఇది చాలు," అన్నాడు డైరెక్టరు.

హీరోయిన్ పిల్ల వచ్చి ఆమెను వాటేసుకుంది. చాటక్క ఆ పిల్ల చేతిలోని నీళ్ళ సీసా లాక్కుని, అడుగుదాకా గటగటా తాగేసింది. తర్వాత తిన్నగా అసిస్టెంటు అమ్మాయి దగ్గరికి నడిచింది.

"మేడమ్, బాత్రూము వ్యాను తాళం ఇస్తారా?"

"అది ఆర్టిస్టులకండీ..." అని నసిగింది ఆ అమ్మాయి.

"నేను ఆర్టిస్టునే. మాట చెప్పానుగా ఇప్పుడే."

ఆ అమ్మాయి డైరెక్టరు వైపు ఒకసారి చూసి, తాళం ఆమె చేతిలో పెట్టింది. చాటక్క వెనక్కి తిరిగి చేయి ఊపింది. "రండే, పొద్దుట్నుంచీ బిగపట్టుకుని చచ్చారు." గుంపంతా కదిలింది. డైరెక్టరు నోరు తెరవబోయాడు. తీస్తున్న సినిమా దేనిమీదో గుర్తొచ్చినట్టుంది, మూసుకున్నాడు. వ్యాను ముందు పెద్ద వరస కట్టింది. వరసలో నిలబడ్డ ఆడవాళ్ళ మొహాలు చూసి తీరాలి. ఏ సినిమాలోనూ ఎవరూ అంత నిజంగా నటించలేరు.

సాయంత్రం వ్యాను దిగేటప్పుడు ఏజెంటు ఆమె వైపు చూడకుండా అన్నాడు. "నీ మొహం పడిపోయింది. రేపట్నించి ఈ సినిమాలో నీకు పన్లేదు."

"తెలుసన్నా."

"కార్డుకి సాక్షి సంతకం కావాలంటారు. కావాలంటే నా దగ్గరికి రా." కొంచెం ఆగాడు. "రేపు గుంపులో నీ చోట ఆ అద్దం పిల్లని నిలబెడతా. సైగలు నేర్పావా?"

"లేదు. నేర్పను," అంది చాటక్క. "వాళ్ళకి ఏం చెప్పాలన్నా ముందే నోటితో చెప్పు. ఆ తువ్వాలు చెమటకి ఉంచుకో."

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్తే అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని విన్నది.

"అంటే ఈసారి మొహమే?"

"మొహమే అత్తయ్యా. మాటతో సహా."

"ఎడిటింగులో కోసేస్తే?"

చాటక్క దానికీ ఆలోచించుకునే వచ్చింది. "కోస్తే కోయనీ. మాట చెప్పడం అందరూ విన్నారు. కార్డు ఎవరూ కోయలేరు."

"అయితే సరే," అంది అత్తగారు. మంచం మీద సగం నిద్రలో ఉన్న మనవరాల్ని తట్టింది. "ఒసేయ్, ఈసారి మోచెయ్యి వెతకనక్కర్లేదే."

"మరి మోచెయ్యి ఉండదా?" అంది కూతురు దిగులుగా.

"అదీ ఉంటుందే నా తల్లీ," అంటూ చాటక్క పక్కన వాలింది. తెల్లారి వ్యాను రాదు. ఎండ కిటికీలోకి వచ్చేదాకా పడుకుంది.