పంటిలో కొండపత్తి

రాజాంలో పళ్ల డాక్టరుగా నేను ఎక్కువసార్లు విన్న మాట "పీకీండి". కుర్చీలో కూర్చోకముందే అనేస్తారు. వడ్ల వ్యాపారం చేసే పెద్దమనిషైనా, కాలేజీలో పాఠాలు చెప్పే ఆయనైనా అదే మాట. పన్ను బతికించుకోవచ్చు, వేరు లోపల కుళ్లు కడిగి మూసేద్దాం అని నేను చెబుతుంటే, బేరం కుదరని కొట్లో కూర్చున్నట్టు మొహం పెడతారు. ఒకవేళ ఒప్పుకున్నా, మొదటిసారి కడగ్గానే నొప్పి పోతుంది. నొప్పితో పాటు వాళ్లూ పోతారు. సగం కడిగిన పన్నుతో పెళ్లిళ్లకీ పేరంటాలకీ తిరుగుతూ, సంతలో కనిపిస్తే నవ్వి పలకరిస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో వాళ్లంటారు, అందులో అబద్ధమేమీ లేదు.

అందుకే పొందూరు నుంచి వచ్చిన ఆవిడ "పీకీకు తల్లీ" అన్నప్పుడు నేను సరిగ్గా విన్నానో లేదో అని, పీకొద్దనేనా అంటూ మళ్లీ అడిగాను.

ఆవిడకి అరవై దాటి ఉంటాయి. ఎడమ బుగ్గ ఉబ్బిపోయి, ఆ వైపు కన్ను సగం మూసుకుపోయి ఉంది. చీర కొంగు బుగ్గకి అదిమి పట్టుకుని వచ్చింది. రాట్నం మీద సన్న నూలు వడుకుతుందట, చిన్నప్పటి నుంచీ అదే పని. నోరు తెరిపించి చూశాను. కుడివైపు దవడ పళ్లు ఎప్పుడో పోయాయి. ఎడమవైపు కింద ఒకే ఒక్క పన్ను పైపన్నుతో కలుస్తోంది. చీము పట్టింది దానికే.

"అప్పా, నిలబడుతుందని మాటివ్వలేను. ప్రయత్నం చేద్దాం" అన్నాను. మా వైపు అక్కని అప్ప అంటాం. మొదటిసారి చూసిన మనిషిని అంత చప్పున వరస కలిపి పిలిచే అలవాటు నాకు లేదు గానీ, ఆవిణ్ని చూస్తే ఆ మాటే వచ్చింది.

"నువ్వెన్నిసార్లు రమ్మంటే అన్నిసార్లు వస్తాను. పీకడం మాత్రం వొద్దు."

ఎందుకంత పట్టుదల అని అడిగాను. కొంగు తీసి, మాట మాటకీ ఆగుతూ చెప్పింది.

"మాయమ్మకి పళ్లన్నీ పీకీసినారు. ఒకటి నొప్పెడితే అదొకటి, మరోటి నొప్పెడితే అదీ. ఆకర్న గెంజి తాగి బతికింది. గేగులంటే పేణం దానికి. సలికాలం వస్తే సాలు, ఒక ముక్క ఇయ్యే అని అడిగీది. ఇచ్చీదాన్ని. నోట్లో ఎట్టుకుని పొద్దంతా అలగే ఉంచుకునీది. సాయంకాలం తీసి నా సేతిలో ఎట్టీసీది. ఇచ్చిన ముక్క ఇచ్చినట్టే ఉండీది." కొంగు మళ్లీ బుగ్గకి అదుముకుంది. "నానలగ అవ్వను తల్లీ."

గేగు అంటే తేగ. తాటి టెంక మొలకెత్తి భూమిలోకి దిగిన మొలక. ఉడకబెట్టినా, కాల్చినా నమిలి నమిలి తినాలి, లేకపోతే ఆ రుచి తెలీదు. నాకూ ఇష్టమే.

మత్తిచ్చి పన్ను పైన చిన్న రంధ్రం చేశాను. చీము బయటికొచ్చింది, దాని వెనకే ఆ వాసన. ఇన్నేళ్లయినా ఆ వాసనకి నేను అలవాటు పడలేదు. ఆవిడ అద్దం ఇమ్మంది. చాలామంది కళ్లు గట్టిగా మూసుకుంటారు, ఈవిడ మాత్రం చేత్తో అద్దం పట్టుకుని, ఉబ్బిన కంటితోనే నేను చేసేదంతా చూసింది. వేరు కాలువ వెంట్రుకంత సన్నగా ఉంటుంది. అందులోకి దిగే సన్న సూదుల్ని మేం ఫైళ్లంటాం. వాటికి ఒంటినిండా గరుకు ఉంటుంది, గోడలకి పట్టిన కుళ్లుని గీకి తెస్తాయి. గీకడం, బ్లీచింగ్ వాసనొచ్చే మందునీళ్లతో కడగడం, ఇంకొంచెం లావు ఫైలు తీసుకోవడం, మళ్లీ కడగడం. పని అంతే. క్రిములు కంటికి కనబడవు కాబట్టి ఎంత కడిగినా ఇంకా ఉన్నాయేమో అన్న అనుమానం పోదు.

మధ్యలో ఒక ఫైలు చేతిలోకి తీసుకుని వెలుగులో తిప్పి చూసింది.

"మా వాలుగ దవడ లాగున్నాది" అంది.

పొందూరు వైపు సన్న నూలు వడికేవాళ్లు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ చేప పళ్లు చాలా సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. కొండపత్తిలో నలక, పొట్టు అన్నీ వాటికి చిక్కి, పోగులన్నీ ఒక్క వైపుకి తిరుగుతాయి. ఇనప దువ్వెనతో ఆ పని కాదట. నీదీ నాదీ ఒకటే పని, నువ్వు వెలుగులో చేస్తావు, నేను చీకట్లో చేస్తాను అన్నాను. మొద్దుబారిన మూతితో వంకరగా నవ్వింది.

లోపల మందు పెట్టి, దాని మీద ఆవగింజంత దూది పెట్టి, పైన తాత్కాలిక సిమెంటుతో మూసి, వచ్చే వారం రమ్మన్నాను. అదంతా కూడా అద్దంలో చూసింది.

వచ్చే వారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. ఎన్నిసార్లు రమ్మంటే అన్నిసార్లు వస్తానన్న మనిషి. నేను కనబడ్డవాళ్లందరి మీదా ఎగిరాను. మా ఆయన భోజనం దగ్గర, పచ్చట్లో ఉప్పెక్కువైందని నెమ్మదిగా అంటే, అయితే పీకేయించుకో అన్నాను. ఆ మాటకి అర్థం ఇప్పటికీ ఆయనకి తెలీదు, నాకూ తెలీదు.

ఒకరోజు పొద్దున్నే తలుపు తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది. బుగ్గ మళ్లీ ఉబ్బింది. తిట్టడానికి సిద్ధంగా ఉన్నదాన్ని, ముందు నోరు చూద్దామని లైటు వేశాను. సిమెంటు లేదు. రంధ్రం నిండా తెల్లగా ఏదో ఉంది. పట్టకారుతో లాగితే దూది వచ్చింది. నేను పెట్టింది కాదు. లాగుతున్నకొద్దీ వస్తోంది.

"ఇదేంటప్పా?"

"సిమెంటు ఊడిపోనాది" అంది. "నువ్వు దూది ఎట్టడం నాను అద్దంలో సూసినాను గదా. దూది మీద సిమెంటు ఎట్టినావు. నా దగ్గిర సిమెంటు లేదు. దూది ఉన్నాది."

"ఇంత లోపలికి ఎలా వెళ్లింది?"

"ఈనిపుల్లతో కూరినాను. రోజూ పాతది తీసీసి కొత్తది ఎట్టినాను. వచ్చినంత మట్టుకు తీసినాను." నా మొహం చూసి కాబోలు, ఇంకో మాట కలిపింది. "మాసిన దూది కాదు తల్లీ. వాలుగ దవడతో ఏకినది. నీ దూది కన్నా మంచిది."

నాకు కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పన్నుని గాలికొదిలేసి కూర్చోలేదు ఈవిడ. ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే మంచిది, తను సొంత చేతుల్తో శుభ్రం చేసింది తీసి, రోజూ దానికి పెట్టుకుంది. అంత బాగా చూసుకుంటున్నాను కదా, డాక్టరమ్మతో తొందరేముంది అనుకుని ఉంటుంది. కానీ దూది ఎంత మంచిదైనా నోట్లో ఊట పీల్చుకుంటుంది. పీల్చుకుని, క్రిముల్ని నేరుగా వేరు అడుగుకి దింపుతుంది. నేను కడిగిందంతా వృథా అయింది, పైగా పోగులు కాలువల్లో ఇరుక్కున్నాయి. దూది ఎక్స్‌రేలో కనబడదు. చేతికి తగిలితేనే ఉన్నట్టు.

ఉన్న సంగతి దాచకుండా చెప్పాను. "అప్పా, ఇది మొత్తం బయటికి రావాలి. ఒక్క పోగు అడుగున మిగిలినా మళ్లీ చీము పడుతుంది. రాకపోతే పీకడమే."

ఆవిడ ఈసారి అద్దం అడగలేదు. కళ్లు మూసుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుంది. పని మొదలెట్టాక చూశాను, ఆవిడ బొటనవేలూ చూపుడువేలూ ఒకదాని మీద ఒకటి మెల్లగా కదులుతున్నాయి, నూలు తీస్తున్నట్టుగా. భయమేసినప్పుడు కొందరు దేవుణ్ని తలుచుకుంటారు. ఆవిడ చేతులు పని చేసుకుంటున్నాయి.

ముళ్లున్న సన్న సూది ఒకటి ఉంటుంది. దాన్ని దింపి, కొంచెం తిప్పి, పైకి తీయాలి. ఎక్కువ తిప్పితే సూది లోపలే విరుగుతుంది. గట్టిగా లాగితే పోగు తెగుతుంది. ఒక్కో పోగూ వస్తోంది, కడుగుతున్నాను, మళ్లీ దింపుతున్నాను. వెనక వేరు దారిలోకి వచ్చింది. ముందు వేరులో ఒక కాలువ మాత్రం కదల్లేదు. సూది సగం దూరం వెళ్లి మెత్తగా ఆగిపోతోంది. బయట కూర్చున్నవాళ్లు గొణుక్కుని ఒక్కొక్కరే లేచిపోయారు. నా మెడ పట్టేసింది. ఇక వదిలేద్దామా అని ఒక్కసారి అనిపించింది కూడా. అప్పుడు ఆ వేళ్ల వైపు చూశాను. ఇంకా వడుకుతూనే ఉన్నాయి.

మళ్లీ దింపాను. ఈసారి పైకి తీస్తుంటే చిన్న బరువు తెలిసింది. బూడిద రంగు దూది ముద్ద, బియ్యపు నూక కన్నా చిన్నది, సూది చివర వేలాడుతూ వచ్చింది. మందునీళ్లు కొడితే అడుగుదాకా వెళ్లాయి. ముందు మురికిగా, తర్వాత తేటగా వెనక్కి వచ్చాయి. నాకెంత సంతోషం వేసిందంటే, కాసేపు ఆవిడ భుజం మీద చెయ్యి అలాగే వేసి ఉంచాను.

"వచ్చిందా?" అంది, కళ్లు తెరవకుండానే.

"వచ్చింది. ఇంక మీ ఇంట్లో దూదిని ఈ పంటి ఛాయలకి రానిచ్చావంటే చూడు. సిమెంటు ఊడితే అలాగే నోరు మూసుకుని బస్సెక్కు."

"అలగే."

ఈసారి చెప్పిన రోజుకి వచ్చింది. వాసన లేదు. కాలువలోకి దింపిన కాగితప్పుల్ల తడి లేకుండా తెల్లగా వచ్చింది. వేర్లు మూసేశాను. పన్ను కుదుటపడిందని నమ్మకం కుదిరాక, చలి మొదలయ్యే రోజుల్లో పైన క్యాపు పెట్టాను. గంటసేపు ఏమీ తినొద్దని చెప్పి పంపాను.

ఆవిడ వెళ్లలేదు. బయట బల్ల మీద గోడ గడియారం ఎదురుగా కూర్చుంది. బస్సు కోసమేమో అనుకుని నా పనిలో పడ్డాను. చివరి మనిషి వెళ్లాక చేతులు కడుక్కుని బయటికొస్తే, సంచిలోంచి ఉడికిన తేగ తీసి, నారలు ఒలిచి, విరిచి, ఎడమ బుగ్గన పెట్టుకుని నములుతోంది. నన్ను చూసి ఆగలేదు. తొందరపడనూ లేదు. సారమంతా మింగి, మిగిలిన పీచు అరచేతిలోకి తీసుకుని చూసుకుంది.

"సూడు తల్లీ" అని చెయ్యి చాపింది. "మాయమ్మ నా సేతిలో ఎట్టిన ముక్క మీద పంటి గాటు ఒక్కటీ ఉండీది కాదు."

గ్లవ్స్ లేకుండా ఎవరి నోటి దగ్గరికీ చెయ్యి తీసుకెళ్లనిదాన్ని, ఆ నమిలిన పీచుని వట్టి చేత్తో అందుకున్నాను.