వంటింట్లో రెండు దీపాలు

కళ్ళంలో మినుములు నూరుస్తుండగా ఫోను మోగింది. అక్క నంబరు. అక్కకి చెవులు వినపడవు. అందుకని ఆ నంబరు నుంచి ఎప్పుడూ మాట్లాడేది బావే. దుమ్ము చేతులు పంచెకి తుడుచుకుని, "సెప్పు బావా" అన్నాను. అవతల నుంచి వాళ్ళ పక్కింటి టైలరు గొంతు వచ్చింది.

"నాను మావా. మీ బావ లేడు మావా. తెల్లారగట్ల గుండె పట్టీసినాది. నువ్వు ఒచ్చీయి."

అక్క వాళ్ళుండే చీపురుపల్లికి వెళ్ళే పాసింజరు మా కోటబొమ్మాళి అప్పటికే దాటిపోయింది. బస్సులు మారి వెళ్ళాను. దారి పొడుగునా, నేనన్న "సెప్పు బావా" అన్న మాటే చెవిలో తిరిగింది. ఇన్నేళ్ళలో బావతో నేను ఎక్కువసార్లు అన్న మాట అదే. చెప్పడం ఆయన పని, వినడం నా పని.

బావ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యాడు. ఇక అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటాడని అనుకున్నాం. ఆయన ల్యాప్‌టాప్ కొనుక్కుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు, నీళ్ళ మోటారు వాటంతటవే పనిచేసేలా చూసే సాఫ్ట్‌వేరు ఒకటి ఉందట. దాన్ని దేశదేశాలవాళ్ళు కలిసి రాస్తారట. వాళ్ళలో మా బావ కూడా ఒకడు.

"జీతం ఇత్తారా బావా?" అని అడిగాను.

"నాట్లకి ముందు మీ ఊరంతా కలిసి కాలవలో పూడిక తీస్తారు గదా, జీతం ఎవుడిత్తన్నాడు? ఇదీ అంతే" అన్నాడు. ఐదో తరగతి చదివిన నాకు ఆ సాఫ్ట్‌వేరు సంగతి అంతవరకూ బాగానే అర్థమైంది.

ఇక్కడ నా స్వభావం ఒకటి చెప్పాలి. నాకు ఎవరింటికి వెళ్ళినా పిలవడం చేతకాదు. గేటు దగ్గర నిలబడి దగ్గుతాను. అక్కకి నా దగ్గు తెలుసు. ఎంత పనిలో ఉన్నా ఆ దగ్గు విని, గ్లాసుతో నీళ్ళు పట్టుకుని వచ్చేది. తరవాత ఒక జ్వరంతో అక్క వినికిడి తగ్గుతూ తగ్గుతూ మొత్తం పోయింది. మిషను పెట్టించారు గానీ పనిచెయ్యలేదు. బావ పెదాలు చూసి మాట గ్రహించడం మాత్రం నేర్చుకుంది. బావ బయటికి వెళితే ఇల్లు అక్కకి నుయ్యిలా ఉండేది. ఎవరు వచ్చిందీ, ఎవరు పిలిచి పిలిచి పోయిందీ తెలిసేది కాదు.

ఒక వేసవిలో పనసకాయ పట్టుకుని వెళ్ళాను. బావ ఊళ్ళో లేడు. గేటు దగ్గర దగ్గాను. మళ్ళీ దగ్గాను. తలుపు తీసే ఉంది, లోపల గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. లోపలికి నడిచి వెళ్ళిపోవచ్చు, అది నా అక్క ఇల్లే. కానీ కాళ్ళు కదల్లేదు. కాయని గేటు లోపల పెట్టి, తిరుగు పాసింజరు ఎక్కేశాను.

మర్నాడు బావ ఫోను చేశాడు. "ఒరే బావా, పనసకాయ ఒచ్చినాది. నువ్వెక్కడున్నావు?"

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"మీ అక్క ఆ తాడు ముడి సూసి, మా తమ్మి ఏసిన ముడే అని గుర్తు పట్టీసినాది. రేత్రి నుంచీ ముద్ద ముట్టలేదురా. గేటు దాకా ఒచ్చి ఎల్లిపోనాడు, నాకు తెలీనే లేదు అని ఒకటే ఏడుపు."

ముందు బావ గేటుకి ఒక స్విచ్చి పెట్టించాడు. నొక్కితే వంటింట్లో లైటు వెలుగుతుంది. నేను ఆ స్విచ్చి కూడా నొక్కలేదు. అక్క పొయ్యి దగ్గర ఉందేమో, పని చెడగొట్టడం ఎందుకని నిలబడ్డాను. అరుగు మీద నుంచి బావ చూస్తూనే ఉన్నాడు.

"నొక్కడానికీ సిగ్గేనేట్రా నీకు! సరే, నువ్వేటీ సెయ్యక్కర్లేకుండా నానే సేత్తాను, సూడు" అన్నాడు.

అలా మొదలైంది. బొత్తాం అంత బిళ్ళ ఒకటి తెప్పించి నా గొడుగు పిడికి కట్టాడు. గొడుగు లేకుండా నేను ఊరు దాటనని ఆయనకి తెలుసు. అది బ్లూటూత్ బిళ్ళ. ఆగకుండా "నేనిక్కడున్నాను, నేనిక్కడున్నాను" అని చెబుతూ ఉంటుందట. అటక మీద పెట్టిన చిన్న పెట్టె దాన్ని విని, అక్క పొయ్యి ఎదురుగా చెక్క మీద బిగించిన పసుపు దీపాన్ని మెరిపించాలి. మెరిసి మెరిసి, నేను ఇంట్లో ఉన్నంతసేపూ అది నిలకడగా వెలగాలి. అదే చెక్క మీద బావకి ఆకుపచ్చ దీపం. ఆయన వేరే కంపెనీ బిళ్ళని సైకిల్ తాళాల గుత్తికి కట్టుకున్నాడు.

"నువ్వు నోరిప్పవు. నీ బదులు ఇది అరుస్తాది, మీ అక్క బదులు ఆ పెట్టె ఇంటాది. మీ ఇద్దరికీ సరిపోనాది" అన్నాడు.

పెట్టె వినడానికి, విన్నది ఎవరో పోల్చుకోడానికి బావ ప్రోగ్రాము రాయాలి. దాన్ని డిస్కవరీ అనేవాడు. ఆయన అరుగు మీద ల్యాప్‌టాప్‌తో కూర్చుని, నన్ను వీధిలో ఒక్కో చోట నిలబెట్టేవాడు. కరెంటు స్తంభం దగ్గర ఒకసారి, టైలరు కొట్టు ముందు ఒకసారి.

"ఏటి మావా, దిష్టిబొమ్మలాగ నిలబడ్డావు? మా కొట్టుకి దిష్టి తగిలిందని సెప్పినాడేటి మీ బావ?" అనేవాడు టైలరు.

"ఆడ్ని కదపకురా, ఆడు నా కొలకర్ర" అని బావ అరుగు మీద నుంచి కేకేసేవాడు.

ఒకరోజు ల్యాప్‌టాప్‌లో చూపించాడు. నా బిళ్ళ పేరుతోపాటు వరస కట్టి ఎన్నెన్నో పేర్లు. వీధిలోవాళ్ళ ఫోన్లు, చెవుల్లో పెట్టుకునేవి, దారిన పోయే ఆటోలో పాటల పెట్టె. "ఇంతమంది అరుస్తన్నారు మన సుట్టూ. మనకి ఒక్కటీ ఇనపడదు. మీ అక్కొక్కర్తేనేట్రా సెవిటిది?" అన్నాడు. వేళాకోళంగా అన్న మాట కాదది. చాలాసేపు ఆ పేర్ల వైపే చూస్తూ కూర్చున్నాడు.

మొదటిసారి దీపం మెరిసినప్పుడు అక్క నీళ్ళ గ్లాసుతో పరిగెత్తుకొచ్చింది. నేనింకా గేటు గడియ మీద చెయ్యి వెయ్యలేదు. "ఒచ్చినావా తమ్మీ! నాకు తెలిసిపోనాది, నాకు తెలిసిపోనాది!" అని వీధంతా వినిపించేలా అరిచింది.

రెండోసారి వెళితే దీపం వెలగలేదు. బావకి ముఖం చెల్లలేదు. వారం పైగా దానితోనే కుస్తీ పట్టి, ఎక్కడో ఏ దేశంలోనో ఉన్నవాళ్ళకి రాసి, అడిగి, చివరికి పట్టుకున్నాడు. "నిన్ను ఒకసారి కనిపెట్టీసినాది గదా, ఇంక తెలిసినోడే అనుకొని సూడ్డం మానీసినాదిరా. నువ్వు ఎల్లిపోనావని అది మరిచిపోవాల. మరిచిపోతేనే మళ్ళీ ఒచ్చినప్పుడు కొత్తగా కనిపెడతాది."

అయితే ఎప్పుడు మరిచిపోవాలి? తొందరపడితే, గొడుగు గోడ చాటున పెట్టినా దీపం ఆరి, మళ్ళీ మెరిసి, అక్కని ఉత్తపుణ్యానికి పరిగెత్తిస్తుంది. ఆలస్యం చేస్తే నేను వెళ్ళి వచ్చిన సంగతే తెలియదు. బావ కళ్ళజోడు తీసి నన్నే అడిగాడు.

"ఎంతసేపు నీ అరుపు ఇనపడకపోతే నువ్వు ఎల్లిపోయినట్టురా బావా?"

"నా అరుపు ఎప్పుడినపడినాది గనక?" అన్నాను.

బావ కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాడు. నేనూ జోకు వేస్తానని చాలాకాలం అందరికీ చెప్పుకున్నాడు. జవాబు మాత్రం అక్క చెప్పింది. బావ పెదాలు చూసి ప్రశ్న గ్రహించి, "అన్నం ఉడికేంతసేపు సూడండి. అప్పటికీ రాపోతే ఎల్లిపోనట్టే" అంది. బావ అలాగే రాశాడు.

ఇంకొక తప్పు జరిగింది. బిళ్ళ పేరులో మొదటి మూడు అక్షరాలు కలిస్తే నేనే అనుకోమని పెట్టెకి చెప్పాడు. బజార్లో అమ్మే అలాంటి బిళ్ళలన్నిటికీ ఒకటే పేరని తరవాత తెలిసింది. ఒక పొద్దున పసుపు దీపం మెరిస్తే అక్క నీళ్ళు పట్టుకుని వచ్చింది. గేటు దగ్గర చేపల గంపతో చేపలామె, నడుముకి తాళాలు, వాటికి అలాంటి బిళ్ళే. ఆమె గంప దింపి ఆ నీళ్ళు గటగటా తాగేసింది. "నానూ తమ్ముడినే అనుకో వొదినా, రోజూ ఇలాగే ఎదురొచ్చి నీళ్ళియ్యి" అందట. అక్కకి ఆ మాట వినపడలేదు. వీధిలో నాకోసం వెతుకుతూ నిలబడిపోయిందట. అది చెబుతూ బావ తల దించుకున్నాడు. పేరు నమ్మడం మానేసి, ఒక్కో బిళ్ళకీ దానిదంటూ ఉండే నంబరు పట్టుకోమని తిరగ రాశాడు.

అప్పటి నుంచి అది తప్పలేదు. నేను వస్తున్నానని ముందే తెలిస్తే బావ సైకిల్ మీద స్టేషన్‌కి వచ్చేవాడు. నా సంచీ సైకిల్‌కి తగిలించి, తోసుకుంటూ, మాట్లాడుతూ నడిచేవాడు. ఇద్దరం వీధి మలుపు తిరిగేసరికి రెండు దీపాలూ కలిసి మెరిసేవి. అలాంటి రోజుల్లో అక్క రెండు గ్లాసులతో వచ్చేది.

కర్మలు అయ్యాయి. చుట్టాలు వెళ్ళిపోయారు. నేను ఉండిపోయాను. మంచినీళ్ళకని వంటింట్లోకి వెళితే చెక్క మీద పసుపు పక్కన ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. గ్లాసు పక్కన పెట్టి గేటు వైపు చూశాను. తరవాత తట్టింది. బావని తీసుకెళ్ళాం గానీ, తాళాల గుత్తి వసారాలో మేకుకే ఉంది. అక్క ఆ దీపం సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం కూరలకని బజారుకి బయల్దేరాను. బావ సైకిల్ తీద్దామని గుత్తి అందుకున్నాను. అలవాటుగా గొడుగు హేండిల్‌కి తగిలించాను. బజార్లో బావని ఎరిగినవాళ్ళు ఆపి ఆపి మాట్లాడారు. అన్నం ఉడికేంతసేపు ఎప్పుడో దాటిపోయింది.

తిరిగి వచ్చి గేటు ముందు దిగాను. గడియ తియ్యకముందే అక్క వసారాలోకి వచ్చింది. రెండు చేతుల్లో రెండు నీళ్ళ గ్లాసులు.

అక్క నన్ను చూడలేదు. నా వెనక వీధి మలుపు వైపు చూసింది. తరవాత నా చేతిలో గుత్తి చూసింది. తరవాత నా పెదాలు చూసింది. మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ బావే మాట్లాడేవాడు కాబట్టి, అక్క నా పెదాల కోసం చూడడం అదే మొదటిసారి.

"నానొక్కడినే అక్కా" అన్నాను. గట్టిగా, నిదానంగా అన్నాను.

"తెలుసురా తమ్మీ" అంది. "రెండూ మెరిసినాయి. సెయ్యి ఆగలేదు."

ఒక గ్లాసు నాకిచ్చింది. రెండోది అరుగు మీద, బావ ల్యాప్‌టాప్ పెట్టుకునే చోట పెట్టి, దాని పక్కన కూర్చుంది. నేను నీళ్ళు తాగి, గుత్తి తీసుకెళ్ళి మేకుకి తగిలించాను. ఆ బిళ్ళలో బేటరీ ఏదో ఒకరోజు అయిపోతుంది. అప్పుడు కొత్తది వెయ్యాలా, వద్దా అని అక్కని అడగాలి. ఎదురుగా కూర్చుని, నోరు తెరిచి అడగాలి. ఆ పని ఇక నాదే.

పొద్దు వాలింది. వంటింటి గుమ్మంలోంచి రెండు దీపాలూ కనిపిస్తున్నాయి. మెరవడం ఆపి, పక్కపక్కన నిలకడగా వెలుగుతున్నాయి. అరుగు మీద గ్లాసులో నీళ్ళు నిండుగా అలాగే ఉన్నాయి.